సులభ వేసవి వంటకు కావలసినవారు

విజయనగరంలో ఎండ నలభై డిగ్రీలు దాటిందంటే చాలు, మగవాళ్ళకి వంట మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. ఏడాది పొడుగునా జీలకర్ర డబ్బా ఏ అరలో ఉంటుందో తెలియని మనిషి, సరిగ్గా రోహిణీ కార్తె ముంగిట, రోళ్ళు పగిలే ఎండలో, సోఫాలోంచి లేచి భార్య వంక జాలిగా చూసి "పాపం వంటింట్లో ఉడికిపోతున్నావు, ఈ ఆదివారం నువ్వు రెస్ట్ తీస్కో, మేడ మీద నేను గ్రిల్ పెడతాను" అంటాడు. ఈ త్యాగాన్ని గుర్తించేవాళ్ళు లేకపోవడం నన్ను చాలా బాధిస్తోంది. రెస్ట్ తీసుకోబోయే ఆ ఇల్లాలు మాత్రం ఈ మాట వినగానే కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంటుంది. ఆనందం వల్లనేనని నా నమ్మకం.

గ్రిల్ అంటే జనం అనవసరంగా భయపడుతున్నారు గానీ నిజానికి ఇందులో ఏమీ లేదు. ఒక మగమనిషి, ఒక పొడుగాటి పట్టకారు, అంతే. మిగతావన్నీ చిల్లర పనులు. కోడిని కడిగి, గాట్లు పెట్టి, పెరుగూ అల్లంవెల్లుల్లి ముద్దా కారం నిమ్మరసం పట్టించి పొద్దుటి నుంచీ ఫ్రిజ్‌లో నానబెట్టడానికి ఒకరు. ముక్క మెత్తబడాలంటే పచ్చి బొప్పాయి గుజ్జు కొద్దిగా కలపాలని, ఎక్కువైతే మాంసం పిండిపిండి అయిపోతుందని తెలిసినవారు కూడా ఆ ఒకరే. ఉల్లిపాయలు చక్రాల్లా కోసి, పుదీనా పచ్చడి రుబ్బడానికి ఇంకొకరు. మెట్లెక్కి దిగడానికి చురుకైన గుంటడొకడు, ఎందుకంటే అగ్గిపెట్టె, నూనె, ఉప్పు, మళ్ళీ ఉప్పు, ఇవన్నీ ఒకేసారి గుర్తుకు రావు. ఒకవేళ తేడా కొడితే ఉండాలి కదా అని కింద అన్నం, పప్పుచారు, బంగాళాదుంపల వేపుడు చేసి మూతపెట్టడానికి అత్తగారు. ఇదంతా వీడియో తీయడానికి బావమరిది. ఈ మాత్రం మంది ఏ ఇంట్లో ఉండరు?

ఎండల్లోనే ఎందుకు, చల్లబడ్డాక చేసుకోవచ్చు కదా అని అడిగే కుశంకల మనుషులకి పంచాంగం చూపించాలి. ఆరుబయట వండుకోవడానికి మన వైపు కార్తీకాన్ని మించిన నెల లేదు, తోటలకి వెళ్తాం, ఉసిరిచెట్టు కింద కూర్చుంటాం, కానీ నీసు ముట్టం. మార్గశిరంలో లక్ష్మీవారాలు, ఆ వెంటనే ధనుర్మాసం. కనుమకి ఎలాగూ ప్రతి ఇంట్లోనూ కోడి ఉడుకుతుంది. ఆ తర్వాత మంచులో మేడ మీద కూర్చుంటే రొంప పడుతుంది. ఇలా శాస్త్రోక్తంగా ఒక్కొక్కటీ తీసేస్తూ వస్తే మిగిలేది మే నెల.

అమెరికావాడికి ఈ గొడవ లేదు. ఆరునెలలు మంచులో ముడుచుకుని పడుకున్నవాడు వేసవి రాగానే పెరట్లోకి పరిగెడతాడు, వాడికి ఎండ చుట్టంలాంటిది. 1952లో షికాగో దగ్గర బోయాలు, అంటే ఓడలకి గుర్తుగా నీళ్ళలో తేలే బోలు ఇనప గోళాలు, తయారుచేసే కంపెనీలో పనిచేసే జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, గాలికీ వానకీ తన పొయ్యి పాడైపోతోందని విసిగి, ఆ బోయానే అడ్డంగా కోసి, సగాన్ని కాళ్ళున్న పొయ్యిగానూ మిగతా సగాన్ని మూతగానూ చేసుకున్నాడు. ఇప్పుడు మనం ఆన్‌లైన్లో కొంటున్న గుండ్రటి గ్రిల్ ఆ బోయా వంశమే. ఆయన చల్లగాలి కోసం మూత కనిపెట్టాడు. మనం దాన్ని తెచ్చి, పగలంతా ఎండని తాగి రాత్రి తొమ్మిది దాకా కక్కుతూనే ఉండే శ్లాబు మీద పెట్టాం. కింద నుంచి శ్లాబు, ముందు నుంచి బొగ్గు, పై నుంచి ఉక్క. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థవారు ఏ మండలంలో వడగాడ్పులు వీస్తాయో రోజూ జాబితా ఇస్తున్నారు, సంతోషం. ఇకమీదట మేడలవారీగా కూడా ఇవ్వాలని నా మనవి.

మా బావగారిల్లు కంటోన్మెంట్ వైపు. ఈ మధ్య అక్కడ జరిగిన కార్యక్రమానికి నేను ప్రత్యక్షసాక్షిని కనుక నిప్పు రాజేసే పద్ధతి వివరంగా చెప్పగలను. బొగ్గులు ఇస్త్రీ బండతని దగ్గర బతిమాలి తెచ్చినవి. మొదట అట్టముక్కలు వేశారు, అవి కాలిపోయాయి, బొగ్గు కాలలేదు. దేవుడి గదిలోంచి హారతి కర్పూరం డబ్బా తెప్పించారు, అదీ అయిపోయింది. ఆఖరికి మా మేనకోడలి హెయిర్ డ్రయర్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి ఊదారు. అప్పుడు లేచింది చూడండి పొగ! తిన్నగా పక్క మేడ మీదకి వెళ్ళి, అక్కడ గుడ్డ పరిచి ఆరబెట్టిన మాగాయ ముక్కల మీద కూర్చుంది. పిన్నిగారు పరుగున వచ్చారు.

"ఏటి బాబూ, ఇల్లుగానీ తగలెట్టేత్తన్నారేటి?"

"లేదు పిన్నిగారూ, బార్బెక్యూ."

"ఎవులికి?"

ఇలాంటి ప్రశ్నలకి సమాధానం ఇవ్వడం మర్యాద కాదు. బావగారు ఇవ్వలేదు.

బొగ్గు ఎర్రగా కాలి పైన తెల్లటి బూడిద కప్పేదాకా, అంటే దాదాపు అరగంట, ముక్క పెట్టకూడదని గ్రిల్‌తో వచ్చిన కాగితంలో రాసి ఉంది. కానీ మంట లేకపోతే వీడియోలో ఏం కనబడుతుంది? అందుకని భగ్గుమని మండుతుండగానే కోడికాళ్ళు పరిచేశారు. కొవ్వు కారి నిప్పుల మీద పడటం, మంట ఇంకా లేవడం, బావమరిది "సూపర్ బావా" అనడం. పది నిమిషాల్లో పైన నలుపు, ఎముక దగ్గర గులాబీ రంగు. కోడిమాంసం లోపల 74 డిగ్రీలు వస్తేనే ఉడికినట్టు లెక్క. ఇంట్లో ఉన్న జ్వరం థర్మామీటరు 42 దగ్గర ఆగిపోతుంది, అది ఆ రోజు ఊళ్ళో ఎండకే బొటాబొటిగా సరిపోయింది. దాంతో పళ్ళెం కిందకి పంపారు. అత్తగారు మాట్లాడకుండా ముక్కలు చిదిపి, ఉల్లిపాయలు వేయించి, కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చి కూర చేసి పైకి పంపారు. బావగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "చూశావా, ఆ స్మోకీ ఫ్లేవర్ వంటింట్లో రమ్మంటే వస్తుందా" అన్నారు. రాదు. ఒప్పుకోవాల్సిందే.

చేపల సంగతి ఇంకా సులభం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. శ్రీకాకుళం తీరాన భావనపాడులో మరబోట్లు ఒడ్డునే ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాడికి వంజరం గ్రిల్ చేయాలనిపిస్తుంది. ఐస్‌లో ఎన్నాళ్ళు కాపురం చేసిందో తెలియని చేపని చెప్పిన ధరకల్లా కొనుక్కొస్తాడు. చెరువు రొయ్యలకి నిషేధం లేదు కదా అంటే, వాటికి పుల్లలు గుచ్చాలట, ఆ పుల్లలు కాలిపోకుండా ముందు అరగంట నీళ్ళలో నానబెట్టాలట. అంత ఓపిక వంటింట్లోవాళ్ళకే ఉంటుంది.

ఇకపోతే ఈ ఉద్యమానికి శత్రువులు కొందరున్నారు. ఒకడు వీధి చివర మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడు. చిన్న ఇనప మూకుడు, గుప్పెడు బొగ్గులు, చేతిలో విసనకర్ర. పొత్తు తిప్పుతూనే ఉంటాడు, ఒక్క గింజ మాడదు. అతన్ని అడిగి నేర్చుకోకూడదా అని మా అక్క అంది. గ్రిల్‌కి పెట్టిన డబ్బు ఏమైపోవాలి?

రెండో శత్రువు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉండే మా పెద్దత్త. జీడితోటలో కొబ్బరిచిప్పలు రాజేసి, ఆ నిప్పుల్లో వంకాయలు పడేస్తుంది, పేలకుండా ముందు కత్తితో గాటు పెట్టి. పక్కనే నాలుగు ఎండు నెత్తళ్ళు. తొక్క వలిచి, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, చింతపండు పులుసు వేసి చేత్తో పిసికేస్తుంది. కుండలోంచి పులిసిన తరవాణి అన్నమో, మజ్జిగ కలిపిన చోడంబలో, అదే రాగి అంబలో, గిన్నెలో పోస్తుంది, అది కడుపులో పడగానే ఒళ్ళంతా చల్లబడి ఎక్కడివాళ్ళం అక్కడే నిద్రపోతాం. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. ఏప్రాన్ లేదు. పట్టకారు లేదు. ఒక్కతే చేసేసింది. ఎవరూ చూడలేదు, ఆవిడా చూపించలేదు. ఇలా అయితే మగవాళ్ళకి వంటలో చోటెక్కడ?

చివరగా జాలీ సమస్య. గ్రిల్ జాలీని వెంటనే తోమకూడదని, నల్లగా పట్టిన ఆ పొరలోనే రుచి ఉందని తేల్చి చెప్పి బావగారు స్నానానికి వెళ్ళిపోయారు. పొద్దున్నే పనికొచ్చినావిడ పంపు దగ్గర దాన్ని చూసి, కాలితో పక్కకి జరిపి, "ఇది నా బేరంలో లేదమ్మా" అనేసింది. చింతపండు, ఇటికపొడి, వేడినీళ్ళు, ఏదీ పనిచేయలేదు. దాంతో బావగారు కొత్త జాలీకి ఆర్డర్ పెట్టేశారు. పాతది ఏం చేయాలో తెలియక గోడవారన ఉంచితే, పక్కింటి పిన్నిగారు అడిగి పట్టుకెళ్ళి మాగాయ ముక్కల మీద కాకులు వాలకుండా బోర్లించుకున్నారు. బాగా పనికొస్తోందట, ఇంకోటి ఉంటే ఇమ్మంటున్నారు.