ఎవరూ ఏమీ మార్చలేదు

కంపెనీ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని పాత సర్వర్ల నుంచి కొత్త సర్వర్లకు తరలించడాన్ని మైగ్రేషన్ అంటారు. గృహప్రవేశానికి పెట్టినట్టే దీనికీ ముహూర్తం పెడతారు. కాకపోతే అది ఎప్పుడూ శనివారం అర్ధరాత్రే వస్తుంది. హైదరాబాద్‌లో అలాంటి ఒక ముహూర్తానికి నేనూ హాజరయ్యాను.

తెల్లవారుజామున 4 గంటలకు పాత డేటాబేస్ సర్వర్ ఆపారు. 4:02కు కొత్త అప్లికేషన్ పడుకుంది. వెంటనే బ్రిడ్జ్ కాల్ (అన్ని టీములూ చేరే ఆన్‌లైన్ సమావేశం) పెడితే 32 మంది చేరారు. 'వినపడుతోందా, స్క్రీన్ కనపడుతోందా' అన్న విచారణకే 20 నిమిషాలు పోయాయి. ఆ తర్వాత వాంగ్మూలాలు. పింగ్ (సర్వర్‌ను పలకరించి చూసే సంకేతం) వెళ్తోందన్నారు నెట్‌వర్క్ వాళ్లు. కొత్త డేటాబేస్ నిక్షేపంగా ఉందన్నారు దాన్ని చూసుకునే డీబీఏ గారు. టెస్టులో పనిచేసింది కదా అన్నారు అప్లికేషన్ వాళ్లు. చివర్లో అందరిదీ ఒకటే మాట: 'మా వైపు ఏమీ మార్చలేదండీ.'

సిస్టమ్ మొత్తం మార్చిన రాత్రి, ఎవరూ ఏమీ మార్చలేదు! ఇంతటి నిష్కామకర్మ రుషులకైనా సాధ్యమా?

చికిత్స కూడా శాస్త్రోక్తంగానే సాగింది. మూడుసార్లు రీస్టార్ట్ చేశాం. ఒకాయన టైమవుట్‌ను, అంటే జవాబు కోసం ఎదురుచూసే గడువును, 30 సెకన్ల నుంచి 300కు పెంచారు. దాంతో అర నిమిషానికి వచ్చే ఎర్రర్ అయిదు నిమిషాలకోసారి రావడం మొదలైంది. ఎర్రర్లు గణనీయంగా తగ్గాయని పై వాళ్లకు మెయిల్ వెళ్లింది.

ఆరింటికి ఎవరో సిస్టమ్ డైరీ లాంటి లాగ్‌ను తెరిచి చదివారు (ఇది మన పద్ధతి కాదు, పొరపాటున జరిగింది). సెట్టింగులు ఉండే ఒక కాన్ఫిగ్ ఫైల్లో పాత డేటాబేస్ అడ్రస్ అలాగే ఉండిపోయింది. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లాం. టెస్టులో పనిచేయడానికి కారణం, అప్పటికి పాత డేటాబేస్ బతికే ఉండటం.

మమ్మల్ని చిన్నచూపు చూడకండి, మాకు పెద్ద వంశమే ఉంది. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ 2012లో కొత్త కోడ్‌ను 8 సర్వర్లలో పెట్టబోయి 7 సర్వర్లలోనే పెట్టింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి కదా. 2003 నుంచి వాడకంలో లేని పాత కోడ్ ఎనిమిదో దాంట్లో ఇంకా కూర్చునే ఉంది. దాన్ని లేపే స్విచ్‌నే కొత్త కోడ్‌కూ వాడారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే అది నిద్రలేచి, 45 నిమిషాలపాటు అడ్డూఆపూ లేకుండా షేర్లు కొంది, అమ్మింది. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే. అది ఆగక ముందే జరిగిన మరమ్మతు ఇంకా ముచ్చటైనది. తప్పు కొత్త కోడ్‌దేమోనని, సరిగ్గా ఉన్న 7 సర్వర్లలో నుంచి కూడా దాన్ని పీకేశారు. దాంతో అక్కడా పాత కోడే మిగిలి, ఆ ఏడూ ఉలిపికట్టెలయ్యాయి.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. నైట్ క్యాపిటల్‌లో మార్కెట్ తెరవకముందే ఎర్రర్ ఉందంటూ సిస్టమ్ పంపిన 97 ఈమెయిళ్లు మొరిగాయి. ఇంట్లోవాళ్లే లేవలేదు.

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఇల్లు మారినప్పుడు దాదాపు 19 లక్షల మంది ఖాతాదారులు బయటే నిలబడ్డారు. ఉన్న రెండు డేటా సెంటర్లలో ఒక్కదాన్నే లోడ్ (అసలు రద్దీ అంత భారం) పెట్టి పరీక్షించారట. పెళ్లిచూపుల్లో అక్కను చూసి చెల్లెలికి తాళి కట్టినట్టు.

మా కథకు వస్తే, సోమవారం విచారణ జరిగింది. ఆ ఫైల్‌ను చివరిసారి తాకిందెవరని చూస్తే 'అడ్మిన్' అని ఉంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కాల్‌లో ఉన్న 32 మందికీ తెలుసు. నాలుగేళ్లుగా దాన్ని మాత్రం నిజంగానే ఎవరూ మార్చలేదు.