సవరణ: ‘బాల’ పుట్టింది మద్రాసులో

ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమాలు నడిపి ‘రేడియో అన్నయ్య’గా పేరొందిన న్యాయపతి రాఘవరావు గారి గురించి పోయిన వారం నేను రాసినదానిలో ఒక తప్పు దొర్లింది. ఆయన పిల్లల కోసం ‘బాల’ పత్రికను హైదరాబాద్ వచ్చాక ప్రారంభించారని రాశాను. అది సరికాదు. ‘బాల’ 1945లో మద్రాసులో మొదలైంది. రాఘవరావు, కామేశ్వరి దంపతులు హైదరాబాద్ చేరింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. ఆనాటి ‘బాల’ సంచికలు దాచుకున్న ఒక పెద్దాయన వాటి ముఖపత్రాలు చూపించారు. సరిచూడకుండా రాయడం నా పొరపాటే.

చిన్న తేడాగా కనిపించవచ్చు కానీ, కాదు. తెలుగు పిల్లలకంటూ పత్రికలు అరుదైన కాలంలో, సొంత రాష్ట్రమైనా ఏర్పడకముందే, వాళ్లు ఆ పని తలకెత్తుకున్నారు. నా తప్పుడు వాక్యం మద్రాసులో వాళ్లు పడ్డ ఆ ఏళ్ల శ్రమనూ చెరిపేసింది.

మరో మాట. ‘అన్నయ్య, అక్కయ్య కలిసి’ అని రాయడంతో కొందరు వాళ్లను అన్నాచెల్లెళ్లు అనుకున్నారు. కామేశ్వరి గారు ఆయన భార్య. రేడియో ముందు చేరిన పిల్లలందరికీ ఆయన అన్నయ్య, ఆమె అక్కయ్య; ఆ వరస పిల్లలతోనే తప్ప వాళ్లిద్దరి మధ్య కాదు. హైదరాబాద్ ఆకాశవాణిలో పిల్లల కార్యక్రమం ‘బాలానందం’ వింటూ పెరిగిన మా ఇళ్లలో ఇది అందరికీ తెలిసిందే కాబట్టి విడమరచలేదు. కొత్త తరం పాఠకులు ఉంటారని గుర్తుంచుకోవాల్సింది.

పాత వ్యాసంలో రెండు చోట్లా మార్చాను. ముందే ఇతరులకు పంపినవారు దయచేసి ఈ సవరణ కూడా పంపండి.