కిరాయి ఒళ్లు, పాలమూరు బాకీ

విదేశాల్లో ఉంటున్న మన తెలుగువాళ్ల సంఘం రాబోయే మహాసభలకు మన యువజన విభాగం పిల్లలు సొంతంగా ఒక రోల్‌ప్లేయింగ్ గేమ్ తయారు చేస్తున్నారని తెలిసి సంతోషించాను. తెలియనివారి కోసం రెండు ముక్కలు: కాగితం, పెన్సిలు, పాచికలు పెట్టుకుని నలుగురైదుగురు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ కథ నడిపే ఆట ఇది. 1974లో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఊపందుకుంది. మా ఇంట్లో శనివారం రాత్రయితే మా అమ్మాయికీ, దాని స్నేహితులకూ ఇదే పని.

ఈసారి పోస్ట్‌హ్యూమన్ లోకం కడతారట. మనసును మిషన్‌లోకి కాపీ చేసి దాచుకోవడం, ఒక శరీరం పోతే ఇంకోటి తొడుక్కోవడం, ఒకే మనిషి ముగ్గురుగా తిరగడం. బాగుంది. కానీ నా చేతికొచ్చిన మొదటి ముసాయిదాలో బ్రహ్మాస్త్రం ఉంది, అంతరిక్షంలో తేలే గోపురాలున్నాయి, మయసభ ఉంది. ఊరు మాత్రం లేదు.

పురాణాల మీద నాకు కోపం లేదు. అస్త్రాలు విసురుకుంటే రెండు గంటలు సరదాగానే గడుస్తాయి. చిక్కల్లా చావు లేకపోవడంతో వస్తుంది. పాత్ర చచ్చినా దాచిన కాపీ పొద్దున్నే లేచి కూర్చుంటుందంటే, పాచిక ఎంత పడితే ఏంటి? ఆడేవాడికి దేని గురించి టెన్షన్? ఇలాంటి లోకం కట్టే ప్రతివాడూ ఇక్కడే ఇరుక్కుంటాడు. దీనికి జవాబు మహబూబ్‌నగర్ బస్టాండులో బొంబాయి బస్సు కోసం మూటలతో కూర్చున్నవాళ్ల దగ్గర దొరుకుతుందని నేనంటాను.

పాలమూరు లేబర్ గురించి మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసింది వాళ్లే. గుంపు మేస్త్రి ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇస్తాడు. అది బిడ్డ పెళ్లికో, ఎండిన బోరు పక్కన ఇంకో బోరుకో పోతుంది. అక్కణ్నుంచి ఆ మనిషి రెక్కలు, నడుము మేస్త్రివి. ముందు ఒళ్లు తాకట్టు, తర్వాత పని చేసి విడిపించుకోవడం. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది గానీ, బాకీ పుస్తకాలు చట్టం చూసి మూతపడే రకం కాదు.

అదే ఆటలో పెట్టండి. కొత్త ఒళ్లు ఊరికే రాదు, మేస్త్రి ఇప్పిస్తాడు. పాత్ర కాగితం మీద బలం, తెలివి కంటే ముందు బాకీ రాయాలి. చచ్చిన ప్రతిసారీ బాకీ పెరుగుతుంది, చివరి కాపీకీ చావుకూ మధ్య గడిచిన రోజులు జ్ఞాపకంలోంచి పోతాయి. పేరు దగ్గర మాత్రం మా ఇంట్లో పెద్ద గొడవైంది. నేను 'పరకాయ ప్రవేశం' అన్నాను. అది యోగులు చేసే పని నాన్నా, మేస్త్రి అలా మాట్లాడతాడా అంది మా అమ్మాయి. చివరికి 'కిరాయి ఒళ్లు' అని స్థిరపడ్డాం. తీసుకున్నవాడు 'ఒళ్లు మార్చిండు', కట్టలేనివాడు 'ఒళ్లు దించిండు'.

మా వంటింటి టేబుల్ మీద ఆడి చూశాం. మొదటి శనివారం అందరూ రోబోలను కాల్చారు. రెండో శనివారం ఒక్క తూటా పేలలేదు. గుంపులో ఒకడు తమ్ముడి పెళ్లికని కిరాయి ఒళ్లు ముందే దించేసి, శరీరం లేకుండా ఉట్టి గొంతుగా ఉండిపోతానన్నాడు. కూడదని మిగతావాళ్లు గంటసేపు కొట్లాడారు. పదహారేళ్ల పిల్లలు, మన ఊరు మొహం సరిగా చూడనివాళ్లు!

కాపీ అసలుదేనా అనే ప్రశ్నకూ మన దగ్గర ఆనవాళ్లున్నాయి. కృష్ణా, తుంగభద్ర కలిసేచోట కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరుడి గుడిని శ్రీశైలం ముంపు వల్ల రాయి రాయీ విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. అవే రాళ్లు, అదే పేరు. సంగమం మాత్రం వెంట రాలేదు. నేను అక్కడ నిలబడినప్పుడు పూజారి సంకల్పం చెబుతుంటే వినలేదు, నది ఎటువైపు ఉందా అని చూస్తున్నాను. ముగ్గురుగా తిరిగే మనిషికైతే మహబూబ్‌నగర్ దగ్గరున్న పాత మర్రిచెట్టు పిల్లలమర్రి చాలు, ఊడలన్నీ మానులై అసలు మాను ఏదో చెప్పలేం. 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు సెలైన్ సీసాల్లాంటివి వేలాడగట్టి మందెక్కించారు. ఆ ఫొటో కంటే మంచి ముఖచిత్రం ఈ ఆటకు ఎవరు గీస్తారు?

నేను చేసిన తప్పూ చెప్పాలి. మారిన శరీరాల పట్టికలో 'ఫ్లోరైడ్ ఒళ్లు: వేగం మైనస్ రెండు, ఎముక బలం ప్లస్ రెండు' అని రాశాను. మా అమ్మాయి చదివి, "ఇది మర్రిగూడ తాతే కదా నాన్నా" అంది.

నల్లగొండ జిల్లా మర్రిగూడలో ఉండే మా మేనమామకు ఫ్లోరైడు నీళ్లు తాగీ తాగీ మెడ తిరగదు. వెనకనుంచి పిలిస్తే కర్ర ఊతంగా ఒళ్లంతా మెల్లగా తిప్పుకుని, అప్పుడు "ఎవలు? నువ్వా అల్లుడా, ఎప్పుడొచ్చినవ్?" అంటాడు. ఆ నీళ్లు ఎముకను గట్టిపరుస్తాయి గానీ బలపరచవు. ఆ ప్లస్ రెండు అబద్ధం, ఆ మైనస్ రెండు పొగరు. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని టాంజానియాలో, ఇథియోపియాలో కూడా 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తారు. మనకంటే ముందు విదేశాలకు పోయిన మన జిల్లా పేరు అది. వింత ప్రాణుల పట్టికలో వేయాల్సింది కాదు.

ఆ వరుస కొట్టేశాం. ఇప్పుడు ఆటలో పాత ఒంటికి ఏ మైనస్సూ లేదు. నగరంలో తలుపులన్నిటికీ కెమెరా పక్కగోడకు ఉంటుంది, మెడ తిప్పి మొహం చూపిస్తేనే తెరుచుకుంటాయి. తిప్పలేనివాడు బయటే నిలబడతాడు. మైనస్ తలుపుకు వేశాం.

యువజన విభాగానికి మా కాగితాలన్నీ పంపిస్తాను, వాడుకోండి. ఒక్క నియమం మాత్రం ఖాళీగా ఉంది: మనిషి మూడు కాపీలైతే బాకీ ఎవరు కట్టాలి? ముగ్గురూ తలా మూడో వంతు అంటుంది మా అమ్మాయి. ఫోన్‌లో మామను అడిగాను. కాసేపు ఆలోచించి, "మేస్త్రి ముగ్గురి దగ్గర్నుంచీ పూర్తిగనే వసూలు జేస్తడు బిడ్డా" అన్నాడు.