ఆ గంట మిగిల్చి ఏం చేసుకుంటాం?

మూడు వారాల సెలవు పెట్టి ఇండియా వెళ్ళొచ్చిన వాళ్ళెవరిని కదిపినా ఒకటే మాట: "అసలు టైమే సరిపోలేదు." నేనూ చాలా ఏళ్ళు అదే అన్నాను. కిందటిసారి విశాఖలో మా బావ, "అరకు కారులో మూడు గంటలు, రైల్లో నాలుగు. రైలెందుకురా?" అన్నాడు. మిగిలిన ఆ గంట ఏం చేసుకోవాలో నాకు తోచలేదు. మొండికేసి పిల్లల్ని తీసుకుని కిరండూల్ పాసింజరు ఎక్కాను.

పొద్దున్న ఏడు లోపే బయల్దేరుతుంది. శృంగవరపుకోట దాకా పొలాలు, తాటిచెట్లు. ఇడ్లీ పొట్లాలు విప్పుకోవడానికి సరైన సమయం. బొడ్డవర దాటాక ఘాట్. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా ఒకటే కేకలు. లైను మొత్తమ్మీద 58 సొరంగాలు. మా అమ్మాయి లెక్క ఇరవై లోపే తప్పింది.

చిమిడిపల్లిలో బండి ఆగిపోయింది. "క్రాసింగ్ పడింది" అన్నారు ఎదురుసీటు పెద్దాయన. అరగంటైనా కదల్లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేక మావాడికి టెన్షన్. పెద్దాయన వాడిని ఊరు అడిగి, "అయితే మీ అమెరికాలో రైళ్ళు ఆగవా?" అన్నారు. వాడికి జవాబు తెలీదు, అక్కడ రైలెక్కితేగా!

అంతలో ఇనుప రాయి నింపుకుని గూడ్సు కొండ దిగొచ్చింది. అసలు ఈ లైను మనకోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్ల గనుల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేశారు. పాసింజరు ఇక్కడ చుట్టం లాంటిది. చుట్టంగా వెళ్ళి తొందరపెడితే ఎలా? ఆ అరగంటలోనే కిటికీలోంచి జామకాయలు బేరమాడాం, పెద్దాయన దగ్గర ఉప్పూకారం పొట్లం కూడా దొరికింది.

అద్దాల పైకప్పుతో విస్టాడోమ్ బోగీ 2017 నుంచి ఉంది. ఎక్కండి, తప్పులేదు. కానీ ఆ ఏసీలో కూర్చుంటే ఈ బేరాలుండవు. శిమిలిగుడ దగ్గర, 996 మీటర్ల ఎత్తులో, మొహానికి కొట్టే చల్లగాలి కూడా ఉండదు. నామట్టుకు నాకు మామూలు బోగీయే ఇష్టం.

తిరుగు ప్రయాణానికి బావ పట్టుబట్టి కారు తెచ్చాడు. అనంతగిరి మలుపుల్లో పిల్లలిద్దరికీ వాంతులు. ఆగుతూ ఆగుతూ ఇల్లు చేరడానికి నాలుగున్నర గంటలు పట్టింది. బావ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.