మహారాజశ్రీ మౌంట్ కమాండు గారి సముఖమునకు

విజయవాడ గవర్నరుపేటలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, అర్జీలు టైపు చేసి అచ్చుకు పంపించే ఒక చిన్న డీటీపీ సెంటరు నుంచి వ్రాసుకొను విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం గనుక అలాగే మొదలుపెడుతున్నాను గానీ, ఇక్కడి కుశలం అంతంత మాత్రమే. శ్రావణమాసపు ముహూర్తాలు తరుముకొస్తున్నాయి. ఉయ్యూరు నుంచి, నూజివీడు నుంచి పెన్‌డ్రైవ్‌లు జేబులో వేసుకుని వచ్చిన పెళ్లిపెద్దలు మా బల్ల మీద వరసగా కూర్చుని ఉన్నారు. లైనక్స్ యంత్రంలో పెన్‌డ్రైవ్‌ను తగిలించి ఫోల్డర్‌గా తెరిచి చూపించే ఉద్యోగం తమరిది. తమరేమో ఆ పెన్‌డ్రైవ్‌లను గడప దాటనివ్వడం లేదు.

తమరి సీనియారిటీ మీద నాకు ఎటువంటి సందేహమూ లేదు. లైనక్స్‌కు ఆదర్శమైన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 1971 నవంబరులో వచ్చిన మొట్టమొదటి మాన్యువల్‌లోనే తమరి పేరు ఉంది. ఆ కాలంలో డిస్కును మనిషి చేతులతో మోసుకొచ్చి యంత్రానికి తగిలించి, ఆ తరువాత తమరికి విన్నవించుకునేవాడు. పెన్‌డ్రైవ్‌లు బజారులోకి వచ్చినది 2000 సంవత్సరంలో. వరస కలిపి చూస్తే తమరు వాటికి తాతగారు అవుతారు. తాతగారు మనవడిని గుర్తుపట్టలేకపోతే వయసు అనుకుని సర్దుకుపోతాము. గుర్తుపట్టి కూడా ఎవరో తెలియనట్టు మాట్లాడడమే నా ఫిర్యాదు.

మా వంటి దుకాణానికి లైనక్స్ ఎందుకు అని తమరు అడగవచ్చును. ఊళ్లో జిరాక్స్ షాపులన్నీ తిరిగి వచ్చిన పెన్‌డ్రైవ్‌లకు షార్ట్‌కట్ వైరస్ పట్టి ఉంటుంది. విండోస్‌లో పెడితే అసలు ఫోల్డర్లు కనపడకుండా పోయి, వాటి పేర్లు తగిలించుకున్న షార్ట్‌కట్లు మాత్రం కనిపిస్తాయి. దాచిపెట్టమని ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌లో, అంటే పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతిలో, వ్రాసి ఉన్న గుర్తును లైనక్స్ పట్టించుకోదు గనుక అక్కడ ఫోల్డర్లన్నీ మామూలుగానే కనిపిస్తాయి. ఆ ఒక్క ఉపకారం కోసం మూలన ఒక పాత యంత్రాన్ని, డెస్క్‌టాప్ హంగులేవీ లేకుండా నడుపుతున్నాము. హంగులుంటే యూడిస్క్స్ అనే తమరి గుమాస్తా పెన్‌డ్రైవ్ పెట్టగానే తానే అన్నీ చక్కబెడతాడు. మాకు ఆ భాగ్యం లేదు. ప్రతి పనికీ స్వయంగా తమరి ఎదుట నిలబడవలసిందే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజు ఒక పెద్దాయన పెన్‌డ్రైవ్ ఇచ్చారు. పెట్టాను, దాని దీపం వెలిగింది, మౌంట్ చేయమని తమరిని కోరాను. తమరి శ్రీముఖం యావత్తూ ఇది: ఫైల్‌సిస్టమ్ రకం తప్పు, ఆప్షన్ తప్పు, సూపర్‌బ్లాక్ చెడిపోయింది, కోడ్‌పేజీ గానీ సహాయక ప్రోగ్రామ్ గానీ లేదు, లేదా మరేదో పొరపాటు. అయ్యా, ఇది జవాబా? కాలమ్‌లన్నీ ముందుగానే అచ్చువేసి, దేనికీ టిక్కు పెట్టకుండా తిప్పి పంపిన దరఖాస్తు కాగితమా? ఆ చివరి "మరేదో పొరపాటు" అనే మాటతో లోకంలోని సమస్త కారణాలూ తమరి వాక్యంలో ఇమిడిపోయాయి గనుక, తమరు అబద్ధం చెప్పారని మాత్రం ఎవరూ అనలేరు.

డీమెసేజ్ కమాండు కొట్టి, లైనక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ వారి చిట్టా తెరిచి చూశాను. చివరి వరసలో స్పష్టంగా, ఏ డొంకతిరుగుడూ లేకుండా ఉంది: ఐఎస్‌ఓ 8859-1 అనే అక్షరపట్టిక దొరకలేదు. అది పశ్చిమ ఐరోపా భాషల అక్షరాల పట్టిక. మాకు యంత్రం అమర్చి ఇచ్చిన కుర్రవాడు అనవసరమనుకున్న భాగాలన్నీ తీసివేసి కెర్నెల్‌ను సన్నబరచి కట్టాడు. ఫ్రెంచి వారితో, జర్మన్ వారితో మనకేమి పని అనుకుని ఆ పట్టికను కూడా తీసివేశాడు. ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లను చదివే వీఫ్యాట్ డ్రైవర్ వారేమో ఫైళ్ల పేర్లు ఏ భాషలో ఉన్నా, తమకు చెప్పి ఉంచిన ఆ పట్టిక చేతిలో లేనిదే పని మొదలుపెట్టరు. కృష్ణా జిల్లా పెళ్లిపత్రిక, అచ్చ తెలుగులో పేరు పెట్టుకున్న ఫైలు, ఫ్రెంచి అక్షరాలు లేవన్న కారణంగా గడప బయట ఆగిపోయింది. ఆ పట్టిక ఉన్న మాడ్యూల్‌ను కట్టించి పెట్టిన వెంటనే పెన్‌డ్రైవ్ కిమ్మనకుండా లోపలికి వచ్చింది. తమరి వాక్యంలో కోడ్‌పేజీ, అంటే అక్షరపట్టిక, అనే మాట ఉన్నది కదా అంటారేమో. ఉన్నది, మిగతా నాలుగు అబద్ధపు కారణాల మధ్య.

మరో రోజు మరొకరి పెన్‌డ్రైవ్ వచ్చింది, విండోస్ వారి ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసినది. విండోస్‌లో సరిగా ఎజెక్ట్ చేయకుండా పీకి తెచ్చారు. తమరి నోట మళ్లీ అదే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా! కెర్నెల్ చిట్టాలో మాత్రం వాల్యూమ్ శుభ్రంగా లేదనీ, ఫోర్స్ అనే ఆప్షన్ ఇవ్వలేదు గనుక తెరవననీ ఉంది. దానిని తిరిగి విండోస్‌లో పెట్టి చెక్‌డిస్క్ చేయించుకుని రమ్మంటే సరిపోయేది. ఆ ముక్క తమరు చెప్పి ఉంటే, "నిన్న మా ఊళ్లో బాగానే తెరుచుకుంది మాస్టారూ, మీ చేతికి వచ్చాకే ఇలా అయింది" అని పదిమంది ముందర నేను మాట పడవలసిన పని లేకపోయేది.

తప్పు మౌంట్ గారిది కాదని, పాత పద్ధతిలో కెర్నెల్ వారు పని కాలేదని చెప్పడానికి ఆయన చేతిలో ఒక్క అంకె మాత్రమే పెట్టేవారని, ఆ అంకె 22 అయితే ఇచ్చినదేదో చెల్లదని తప్ప ఇంకేమీ తెలియదని తమరి పక్షాన వాదించేవారు చెబుతారు. ఆ వాదన న్యాయమైనదే, కాదనను. కానీ 2019లో వచ్చిన 5.2 కెర్నెల్‌లో కొత్త పద్ధతి పెట్టారు. అందులో ఫైల్‌సిస్టమ్ వారు తమ అభ్యంతరాన్ని మాటలలో వ్రాసి ఇవ్వగలరు, తమరు దానిని చదివి మాకు వినిపించగలరు. ఆ పద్ధతిని తమరి కార్యాలయం వాడుకలోకి తెచ్చుకున్నది 2023లో, తమరు కూడా ఒకరుగా ఉన్న యూటిల్-లైనక్స్ అనే ప్రోగ్రామ్‌ల కట్ట 2.39తో. ఇంకా వెనకటి రోజుల్లో తమరి వాక్యం కింద ఒక సలహా ఉండేది: కొన్ని సందర్భాలలో ఉపయోగపడే సమాచారం సిస్‌లాగ్ అనే చిట్టాలో ఉంటుంది, డీమెసేజ్ చివరి వరసలు చూడండి, లేదా అటువంటిదేదైనా చేయండి. "అటువంటిదేదైనా" అన్న మాట వ్రాసిన మహానుభావుడు ఎవరో గానీ, మా ఊళ్లో ఏ ఆఫీసులోనైనా ఇట్టే రాణించి ఉండేవాడు.

పెన్‌డ్రైవ్ లోపలికి వచ్చిన తరువాత కూడా కష్టాలు తీరలేదు. ఎల్‌ఎస్ కొట్టి చూస్తే ఫైళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. వరుడి పేరు ఆరు ప్రశ్నలు, వధువు పేరు నాలుగు ప్రశ్నలు, ముహూర్తం నిండా సందేహాలే. వీఫ్యాట్‌లో పొడుగు పేర్లు యూనికోడ్‌లోనే భద్రంగా ఉంటాయి. ఇందాకటి ఐరోపా పట్టికలో తెలుగు అక్షరాలు లేవు గనుక చూపించేటప్పుడు వాటి స్థానంలో ప్రశ్నార్థకాలు పెడతారు. మౌంట్ చేసేటప్పుడే మైనస్ ఓ పెట్టి యూటీఎఫ్8 అని చేరిస్తే తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. ఐఓక్యారెక్టర్‌సెట్ ఈక్వల్స్ యూటీఎఫ్8 అని మరో దారి కూడా ఉన్నది గానీ, ఆ దారిన పోతే పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరుగా లెక్కవుతాయి, అది ఫ్యాట్‌కు తగదు అని కెర్నెల్ వారు చిట్టాలో చీవాట్లు వ్రాస్తారు. రెండు ఆప్షన్లకూ ఒకేలాంటి పేర్లు పెట్టి, ఒకటి మంచిది, ఒకటి కాదు అని చిట్టాలో దాచుకోవడం తమరి వంశపు సంప్రదాయంలాగే ఉంది.

యాజమాన్యం సంగతి క్లుప్తంగా చెబుతాను. యంత్రానికి సర్వాధికారి అయిన రూట్‌గా మౌంట్ చేస్తే ఫైళ్లన్నీ రూట్ వారివే అవుతాయి, మా ఆపరేటరు అమ్మాయి పత్రికలో ఒక్క అక్షరం దిద్దలేదు. పోనీ ఛోన్ కమాండుతో యజమాని పేరు మార్చబోతే అనుమతి లేదంటారు, ఎందుకంటే ఎవరి ఫైలు ఎవరిదో వ్రాసుకునే చోటే ఫ్యాట్‌లో లేదు. ఫైళ్లు ఎవరివో చెప్పే యూఐడీ ఆప్షన్ కూడా మౌంట్ చేసేటప్పుడే చెప్పాలి.

పెన్‌డ్రైవ్‌కు యంత్రం పెట్టుకునే పేర్ల మాట కూడా ఉంది. అన్‌మౌంట్ చేయకుండా, అంటే విడదీయమని చెప్పకుండా, పీకి మళ్లీ పెడితే, పాత పేరు ఇంకా పట్టుబడి ఉన్నందున, ఇందాక ఎస్‌డీబీ1గా ఉన్నది ఎస్‌డీసీ1 అవుతుంది; అదే పెన్‌డ్రైవ్ యూనిక్స్ వంశానికే చెందిన ఫ్రీబీఎస్‌డీలో డీఏ0ఎస్1, ఓపెన్‌బీఎస్‌డీలో ఎస్‌డీ1ఐ వంటి పేర్లు పెట్టుకుంటుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్ కొడితే యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య దొరుకుతుంది, అది మారదు. ఈ విషయంలో తమరిని పెద్దగా తప్పుపట్టను.

అసలు బాధ వీడ్కోలు దగ్గర ఉంది. ఫైలు కాపీ చేయగానే ప్రాంప్ట్ వచ్చేస్తుంది, పని అయిపోయినట్టే ఉంటుంది. నిజానికి అక్షరాలు ఇంకా మెమరీలోనే ఉండి, తీరికగా పెన్‌డ్రైవ్‌లోకి దిగుతూ ఉంటాయి. దాని దీపం టపటప కొట్టుకుంటూనే ఉంటుంది. నెహ్రూ బస్టాండులో నూజివీడు బస్సు అందుకోవలసిన పెద్దాయన చెయ్యి చాచి నిలబడి ఉంటారు. "ఇంకా ఏముందండీ, కాపీ అయిపోయిందిగా?" పెన్‌డ్రైవ్‌ను విడదీసే యూమౌంట్ కమాండు గారిని అడుగుతాను. గమ్యం బిజీగా ఉన్నదని ఆయన జవాబు. ఎవరి వల్ల బిజీ? ఆ మాట రాదు. ఫ్యూజర్ మైనస్ వీఎం అని అడిగి తెలుసుకోవాలి. చాలాసార్లు అది అదే ఫోల్డర్‌లోకి సీడీ కమాండుతో వెళ్లి వదిలేసిన మరో టెర్మినల్ అయి ఉంటుంది. అక్కడి నుంచి బయటికి వస్తే చాలు.

ఇందుకు విరుగుడుగా యూమౌంట్‌కు మైనస్ ఎల్ అనే సోమరి మార్గం ఒకటి తమరి శాఖలో ఉంది. అది కొడితే ఫోల్డర్ అప్పటికప్పుడు ఖాళీగా కనిపిస్తుంది, పెన్‌డ్రైవ్ సాగనంపినట్టే ఉంటుంది. లోపల మాత్రం ఫైళ్లను పట్టుకున్నవారు వదిలిన తరువాతే అసలు అన్‌మౌంట్ జరుగుతుంది. దీపం ఆరకముందే పెద్దాయన పీకేస్తే పత్రిక సగమే ఉంటుంది, ఊళ్లో దాన్ని తెరిచిన అల్లుడుగారు ఫోను నాకే చేస్తారు.

కనుక మనవి చేసుకునేదేమంటే, బిజీ అన్నచోట ఆ ప్రోగ్రామ్ పేరు, వీలుకాదన్నచోట కెర్నెల్ వారు చెప్పిన ఆ ఒక్క వరస, తమరి నోటితోనే చెప్పించవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయుడు,
గవర్నరుపేట, విజయవాడ.

జతపరచినవి: డీమెసేజ్ చివరి వరసలు. తమరి దగ్గర ముందునుంచీ ఉన్నవే.