పొగ కమ్మిన వైపు

మంచు కప్పిన రైతు ఇల్లు, గుమ్మం ముందు కొడుకు చేయి అందుకుంటున్న ముసలి తండ్రి. న్యూయార్క్‌లోని కరియర్ అండ్ ఐవ్స్ సంస్థ 1867లో అచ్చువేసిన ‘హోమ్ టు థాంక్స్‌గివింగ్’ (థాంక్స్‌గివింగ్ పండుగకు ఇంటికి) పటం అది. ముచ్చటైన బొమ్మేనని మేమూ ఒప్పుకుంటాం. అయితే 6 లక్షలకు పైగా సైనికులను బలిగొన్న అమెరికా అంతర్యుద్ధం ముగిసి అప్పటికి రెండేళ్లే అయింది. ఎన్నో గుమ్మాలకు కొడుకులు తిరిగి రాలేదన్నది గుర్తుంటేనే, ఆ కలిసిన చేతులలో పటం కొన్నవారు ఏ ఊరట వెతుక్కున్నారో తెలుస్తుంది.

రాతి మీద గీసి నలుపులో అచ్చుతీసిన ఈ పటాలకు బల్ల చుట్టూ కూర్చున్న స్త్రీలు, తలా ఒక రంగు చొప్పున, చేత్తో రంగులు వేసేవారు. చిన్న పటం 20 సెంట్లకే దొరికేది కనుక తైలవర్ణ చిత్రాలు కొనలేని ఇళ్ల గోడలకూ ఇవి ఎక్కాయి.

అదే సంస్థ కోసం ఫ్యానీ పామర్ చిత్రకారిణిగా పనిచేసిన 1868 నాటి ‘అక్రాస్ ది కాంటినెంట్’ పటాన్ని దగ్గరగా చూడాలి. రైలు పట్టాలు దృశ్యాన్ని మూలకు మూలగా రెండుగా చీలుస్తాయి. ఎడమ వైపు దుంగల ఇళ్లు, చెట్లు నరుకుతున్న మనుషులు, ‘పబ్లిక్ స్కూల్’ అని రాసి ఉన్న బడి. కుడి వైపు గుర్రాల మీద ఆగిపోయిన ఇద్దరు మూలవాసులు. ఇంజన్ పొగ వారినే కమ్ముకుంటోంది. పడమటికి వలస వచ్చి స్థిరపడే సెటిలర్లకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టం వచ్చి అప్పటికి ఆరేళ్లయింది. ఆ భూమి అంతకుముందు ఎవరిదో పటంలోనే ఉంది, కాకపోతే అంచున ఉంది.

అవి అలంకారానికి వేసిన బొమ్మలనీ, వాటిలో రాజకీయం వెతకరాదనీ అనేవారితో మేము ఏకీభవించలేము. తెల్ల రైతుకు ఇంతటి గౌరవమిచ్చిన సంస్థే 1880లలో ‘డార్క్‌టౌన్’ పేరిట నల్లజాతి వారిని అతి నీచంగా వెక్కిరించే పటాల వరుసను అచ్చువేసి విరివిగా అమ్ముకుంది. 1884లో మిసిసిపీ నదీ తీరపు పత్తి తోటను కూడా ప్రశాంత దృశ్యంగానే చూపింది. పత్తి ఏరుతున్న వారు బానిసత్వం నుంచి బయటపడి అప్పటికి ఇరవయ్యేళ్లయినా కాలేదు.

మంచు పల్లెల పటాలను ప్రదర్శించే మ్యూజియాలు ‘డార్క్‌టౌన్’ వంటి పటాలను గిడ్డంగిలో దాచిపెట్టకుండా, అచ్చువేసిన సంవత్సరం, అమ్మిన ధర రాసి, అదే గోడ మీద వాటి పక్కనే వేలాడదీయాలని మేము కోరుతున్నాం.