సీవీ తలరాతకు బహిరంగ లేఖ

మారతహళ్ళి, బెంగళూరు.

మహారాజశ్రీ సీవీ హెడింగ్ గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే ఇక్కడ కుశలం లేదు. మూడు నెలలుగా ఉద్యోగం కోసం పీజీ హాస్టల్లో పై మంచమెక్కి కూర్చుని మీ సేవే చేస్తున్నాను. బ్రహ్మ రాసిన తలరాత ఎవరికీ అర్థం కాదంటారు. మిమ్మల్ని నా చేత్తో నేనే రాసుకున్నాను కదా, ఒక్కడూ చదవలేదేం?

కాలేజీ వదిలిన కొత్తలో మీ నెత్తిన 'కరిక్యులమ్ విటే' అని నా పేరుకు రెండింతలు లావుగా కొట్టి, కింద జంట గీతలు గీశాను. లాటిన్‌లో జీవన గమనమని అర్థమట. గేదె వీపు మీద 'గేదె' అని రాసుకున్నట్టుంది. దాని కిందే నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళి కాలేదన్న కబురు, రామాలయం వెనక వీధితో సహా ఊళ్ళో అడ్రసు. ఆ కాగితానికి ఉద్యోగం రాలేదు గానీ మా పెద్దమ్మ ఒక సంబంధం తెచ్చింది.

పేరు సంగతి చెప్పాలి. పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఇంటిపేరు ముందు పెట్టాను. హెచ్చార్ అమ్మాయి ఫోన్లో "హాయ్ చింతలపూడి!" అంది. అలా పిలిస్తే మా వంశంలో ఎవరైనా పలకొచ్చు, ఆ ఊరి బస్సు కండక్టరైనా పలకొచ్చు. ఇక ఈమెయిలంటారా, ఇంటర్లో పెట్టుకున్నది: అభిమాన హీరో బిరుదు, పక్కన 143. ఊరే 2014 నవంబర్ 1న ఇంగ్లీషు స్పెల్లింగ్ మార్చుకుంటే, మీరింకా పాత బ్యాంగలోర్ దగ్గరే ఆగిపోయారు.

పేరు కింద 'డైనమిక్, పాషనేట్, రిజల్ట్ ఓరియెంటెడ్'. మెస్సులో టిఫిను అయిపోయాక లేచేవాణ్ణి నేను! 'జావా డెవలపర్, 3 ఏళ్ళ అనుభవం' అనే నాలుగు ముక్కలకు మాత్రం చోటు చాలలేదు మీకు.

ఇవన్నీ క్షమిస్తాను. ఫోన్ నంబరు దాచారు చూడండి, అది క్షమించను. అందంగా ఉంటుందని వర్డ్‌లో పేజీ పైన హెడర్ అనే అరలో పెట్టించారు. అప్లికేషన్లు వడపోయడానికి కంపెనీలు పెట్టుకునే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఆ అరలోకి తొంగి చూడవని, పేజీ నడుమ ఉన్నదే ఏరుకుంటాయని నాకు మొన్ననే తెలిసింది. అరవై మూడు చోట్లకు పంపాను. ఎన్నిచోట్ల నంబరు లేని మనిషిగా వెళ్ళానో మీకే తెలియాలి.

కోపమొచ్చి మీ నగలన్నీ వలిచేశాను. పేరు, చేసే పని, ఊరు, ఫోను, పద్ధతైన మెయిలు, లింక్డ్‌ఇన్ లింకు. అంతా పేజీలోకే దించాను, మూడు లైన్లు. చూసి కింది మంచం అనంతపురం కుర్రాడు, "అన్నా, నీ ఫార్మాట్ రవ్వంత పంపియ్యన్నా" అన్నాడు. పంపాను.

ఈ ఉదయం ఫోన్ మోగింది. పెద్ద కంపెనీ. లేచి గొంతు సవరించుకున్నాను. ఆవిడ వాడి పేరు చెప్పి, మాట్లాడొచ్చా అని అడిగింది. వెధవ పేరు మార్చాడు, మెయిలు మార్చాడు, నంబరు మార్చడం మరిచాడు.

"ఒన్ మినిట్ మేడమ్" అని, కింది మంచాన్ని కాలితో తన్ని ఫోన్ అందించాను.

ఇట్లు,
పై మంచం